రికార్డు 40 లక్షలు.. రివ్యూలు సగం సగం! ఏ లెక్క నమ్మాలి?

టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ ‘ద లైఫ్ ఆఫ్ ఎ షోగర్ల్’ 2025 అక్టోబరు 3న విడుదలైంది. అమెరికాలో మొదటి వారంలోనే 40 లక్షల యూనిట్లు దాటింది. 1991లో అమ్మకాలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో లెక్కించడం మొదలయ్యాక ఏ ఆల్బమ్‌కూ ఒక్క వారంలో ఇంత రాలేదు. అదే వారంలో రివ్యూలూ వచ్చాయి. ‘రోలింగ్ స్టోన్’ ఐదుకు ఐదు స్టార్లు ఇస్తే, ‘ద గార్డియన్’ రెండిచ్చి ఊరుకుంది. ‘పిచ్‌ఫోర్క్’ పదికి 5.9 వేసింది. ఇక సోషల్ మీడియాలో అయితే ఒకరు అద్భుతం అంటే, ఇంకొకరు ఆమె కెరీర్‌లోనే బలహీనమైన ఆల్బమ్ ఇదే అన్నారు.

మరి ఇది హిట్టా, ఫ్లాపా? ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ గొడవ ఎందుకు అనుకోకండి. ఒకే వస్తువు గురించి ఒకదానికొకటి పొసగని అంకెలు వచ్చినప్పుడు వాటిని ఎలా చదవాలో నేర్చుకోవడానికి ఈ మధ్య కాలంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. డేటా అనలిస్ట్ కొలువైనా, మార్కెటింగ్ అయినా, ప్రొడక్ట్ టీమ్ అయినా రోజూ చేసే పని ఇదే.

యూనిట్ అంటే మనిషి కాదు

ముందు ఆ 40 లక్షల సంగతి చూద్దాం. అమెరికాలో ఈ లెక్కలు సేకరించేది లూమినేట్ అనే సంస్థ. వాటితో చార్టులు వేసేది బిల్‌బోర్డ్. ఒక ఆల్బమ్ అమ్ముడైతే ఒక యూనిట్. ఆన్‌లైన్‌లో వింటే లెక్క వేరు. ఈ ఆల్బమ్ వచ్చినప్పుడు ఉన్న నిబంధన ప్రకారం చందా కట్టినవాళ్లు 1,250 సార్లు పాటలు వింటే ఒక యూనిట్. ప్రకటనలతో ఉచితంగా వినేవాళ్లయితే 3,750 సార్లు వినాలి.

ఇప్పుడు లెక్క విడగొట్టండి. మొత్తం 40 లక్షల్లో సుమారు 34.8 లక్షలు నేరుగా కొన్నవి. స్ట్రీమింగ్ నుంచి వచ్చినవి సుమారు 5.2 లక్షలే. ఆ వారంలో ఈ పాటలు దాదాపు 68 కోట్ల సార్లు ప్లే అయినా వాటి వాటా ఇంతే. అంటే రికార్డులో నూటికి 87 పాళ్లు కొనుగోళ్లవే.

కొన్నవాళ్లు కూడా 34.8 లక్షల మంది కారు. ఈ ఆల్బమ్‌ను సీడీ, వినైల్, క్యాసెట్, డిజిటల్ డౌన్‌లోడ్ అన్నీ కలిపి 30కి పైగా వెర్షన్లలో అమ్మారు. ప్రధానంగా పాటలు ఆ 12 మాత్రమే. ఒకదానికి కవర్ ఫొటో వేరు, ఒకదానికి వినైల్ రంగు వేరు, కొన్నింటికి అదనంగా అకూస్టిక్ పాటలు. ఒక అభిమాని నాలుగు రకాలు కొంటే లెక్కలో నాలుగు పడతాయి. ఇందులో మోసమేమీ లేదు. ప్రతి కాపీనీ ఎవరో డబ్బు పెట్టే కొన్నారు. కాకపోతే ఈ అంకె చెప్పేది అభిమానం ఎంత లోతుగా ఉందో. ఎంత మందికి చేరిందో చెప్పాలంటే వేరే అంకె కావాలి.

పాత రికార్డు అడెల్‌ది. 2015లో ఆమె ‘25’ ఆల్బమ్ మొదటి వారంలో సుమారు 34.8 లక్షల యూనిట్లు తెచ్చుకుంది. అప్పుడు దాన్ని స్ట్రీమింగ్ యాప్‌లలో పెట్టనే లేదు. వినాలంటే కొనాల్సిందే. ఇప్పుడు స్విఫ్ట్ పాటలు ఫోన్‌లో ఎలాగూ దొరుకుతున్నా జనం కొన్నారు. అప్పటివాళ్లు వినడానికి కొన్నారు, ఇప్పటివాళ్లలో చాలామంది దాచుకోవడానికి కొన్నారు. టేప్ ఒకటే అయినా కొలిచిన వస్తువులు వేరు.

తగ్గిందా? పెరిగిందా?

విమర్శకులు చూపించే అంకె మరొకటి ఉంది. 2024లో వచ్చిన ఆమె ఆల్బమ్ ‘ద టార్చర్డ్ పోయెట్స్ డిపార్ట్‌మెంట్’ మొదటి వారంలో అమెరికాలో దాదాపు 89 కోట్ల స్ట్రీమ్‌లు సాధించింది. ఈసారి 68 కోట్లే. ‘చూశారా, వినేవాళ్లు తగ్గిపోయారు’ అన్నది వాదన.

ఒక్క నిమిషం ఆగి భాగహారం చేయండి. పాత ఆల్బమ్‌లో 31 పాటలు. పాటకు సగటున 2.9 కోట్ల కన్నా తక్కువే. కొత్తదాంట్లో 12 పాటలు. పాటకు దాదాపు 5.7 కోట్లు. మొత్తం చూస్తే తగ్గింది, పాట లెక్కన చూస్తే దాదాపు రెట్టింపైంది. రెండూ నిజమే. ఎవరికి ఏది కావాలో వాళ్లు అది చూపిస్తారు. ఇంటర్వ్యూలో ‘యూజర్లు తగ్గారు, ఎందుకు?’ అని అడిగితే నోరు తెరిచే ముందు ‘దేనితో భాగించిన లెక్క ఇది?’ అని అడిగే అభ్యర్థినే ప్యానెల్ గుర్తుపెట్టుకుంటుంది.

రెండో వారం అంకె ఇంకా భయపెడుతుంది. 40 లక్షల నుంచి సుమారు 3.4 లక్షలకు, అంటే దాదాపు 92 శాతం పడిపోయింది. కానీ కారణం చూడండి. ఆల్బమ్‌ను ప్రకటించింది ఆగస్టులో. అప్పటి నుంచి ముందస్తుగా బుక్ చేసుకున్న కాపీలన్నీ విడుదల వారంలోకే వచ్చి చేరతాయి. అంటే ఏడు వారాల కొనుగోళ్లు ఒక్క వారం ఖాతాలో పడ్డాయి. తర్వాత తగ్గకుండా ఎలా ఉంటుంది? అంత పడిపోయాక కూడా రెండో వారం నంబర్ వన్ అదే.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. పెద్ద హీరో సినిమాకు బెనిఫిట్ షోలు, అడ్వాన్స్ బుకింగ్‌లు కలిసిన మొదటి రోజు వసూళ్లు హీరో సత్తా చెబుతాయి. సోమవారం మ్యాట్నీ సినిమా సత్తా చెబుతుంది. ఈ ఆల్బమ్‌కు ఆ సోమవారం పరీక్ష ‘ద ఫేట్ ఆఫ్ ఒఫీలియా’ పాట. మొదటి వారం అమెరికా పాటల చార్టులో తొలి 12 స్థానాలూ ఈ 12 పాటలవే. మిగతావి మెల్లగా కిందికి జారినా ఈ పాట మాత్రం వారాల తరబడి పైనే నిలిచింది. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లోని పాత్ర పేరున్న పాటకు జనం రీల్స్‌లో స్టెప్పులేశారు.

శ్రోతలు అసలేం అన్నారు?

అంకెలు పక్కన పెట్టి వినేవాళ్ల మాటకొస్తే, గొడవంతా పాటల మీద ఎంతో, ముందు పెట్టుకున్న ఆశల మీదా అంతే. స్వీడన్‌కు చెందిన మాక్స్ మార్టిన్, షెల్‌బ్యాక్‌లతో ఆమె మళ్లీ కలిసి పనిచేసిందనగానే చాలామంది ‘1989’ ఆల్బమ్ నాటి ఊపు వస్తుందనుకున్నారు. వచ్చింది అంతకన్నా నెమ్మదైన, కుదురైన పాప్. 2020లో వచ్చిన ‘ఫోక్‌లోర్’లోని కథలు, మాటల అల్లిక ఇష్టపడ్డవాళ్లకు కొత్త పాటల్లోని ఇంటర్నెట్ యాస, కొంటె మాటలు మింగుడు పడలేదు. అంతకుముందు 31 పాటలు మరీ ఎక్కువైపోయాయన్నవాళ్లు మాత్రం 42 నిమిషాల్లోపు ముగిసే ఆల్బమ్ చూసి హాయిగా ఉందన్నారు.

ఇంకో కోణమూ ఉంది. ఈ పాటలు 149 షోల ‘ఎరాస్ టూర్’ మధ్యలో, ఆమె సంతోషంగా ఉన్న రోజుల్లో పుట్టాయి. ప్రేమ విఫలమైన రాత్రుల్లో ఆమె పాటలు విని ఓదార్పు పొందినవాళ్లకు ఈ సంతోషం కాస్త పరాయిగా అనిపించి ఉంటుంది. అందుకే ఈ ఆల్బమ్‌కు ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లలోనూ పాతికేళ్లలోపు పాటలన్నీ కంఠతా వచ్చినవాళ్లు ఉండొచ్చు. అలాంటి అసంతృప్తిని ద్వేషం కింద రాసేస్తే విశ్లేషణ తప్పుతుంది.

ఆ గొంతులన్నీ మనుషులవేనా?

అసలు మలుపు డిసెంబరులో వచ్చింది. ఆన్‌లైన్ ప్రవర్తనను విశ్లేషించే గుడియా అనే కంపెనీ ఈ ఆల్బమ్ చుట్టూ అక్టోబరులో నడిచిన చర్చను పరిశీలించింది. 14 వేదికలు, సుమారు 18 వేల ఖాతాలు, 24 వేలకు పైగా పోస్టులు. వాటిలో 3.77 శాతం ఖాతాల నుంచే 28 శాతం చర్చ నడిచిందని తేల్చినట్టు ‘రోలింగ్ స్టోన్’ రాసింది. లెక్క వేస్తే అవి 700 ఖాతాలు కూడా కావు. ఆమెను నాజీ చిహ్నాలతో ముడిపెట్టిన ఆరోపణలు ఇలాంటి సమన్వయంతో నడిచే ఖాతాల నుంచే పెరిగాయనీ, వాటిని ఖండించడానికి దిగిన నిజమైన అభిమానులే వాటిని ఇంకా పైకి తెచ్చారనీ ఆ విశ్లేషణ చెప్పింది.

ఇక్కడా జాగ్రత్త కావాలి. ఈ విశ్లేషణ ఆ రాజకీయ ఆరోపణల గురించి. ‘పాటలు నచ్చలేదన్నవాళ్లంతా బాట్లే’ అని దాన్నుంచి తేల్చడం కుదరదు. పైగా చెప్పింది ఇలాంటి సేవలనే అమ్ముకునే కంపెనీ. ఆ మాట గుర్తుపెట్టుకునే చదవాలి.

మీ ఫీడ్‌లోనూ ఇదే ఆట

ఇప్పుడు ఫోన్ తెరిచి మీ ఫీడ్ చూడండి. ‘ఫ్రెషర్లకు ఇక ఉద్యోగాల్లేవు’ అనే పోస్టు ఒకటి, ‘మూడు నెలల కోర్సు, లక్షల ప్యాకేజీ’ అనే ప్రకటన దాని కిందే. ఆల్బమ్ విషయంలో తప్పు లెక్క నమ్మితే పోయేది మహా అయితే 42 నిమిషాలు. ఇక్కడ పోయేది నాన్న అప్పు చేసి కట్టే ఫీజు, మీ ఏడాది కాలం. అందుకే ఈ నాలుగు ప్రశ్నలు ఇక్కడా వేయండి.

ఒకటి, యూనిట్ ఏమిటి? ‘500 ప్లేస్‌మెంట్లు’ అంటే 500 మంది విద్యార్థులా, 500 ఆఫర్లా? ఒకే టాపర్‌కు మూడు ఆఫర్లు వస్తే మూడుగా రాసిన బ్రోచర్ నేను ఇంజినీరింగ్ రోజుల్లో చూశాను. నాలుగు రంగుల వినైల్ కొన్న అభిమాని లెక్కే అది.

రెండు, దేనితో భాగించారు? ‘95 శాతం’ అంటే బ్యాచ్ మొత్తంలోనా, కటాఫ్ దాటి పేరు నమోదు చేసుకున్నవాళ్లలోనా? హయ్యెస్ట్ ప్యాకేజీ పెద్దక్షరాల్లో ఉంటుంది, మధ్యలో నిలిచిన విద్యార్థికి ఎంత వచ్చిందో అడగండి.

మూడు, ఎప్పటి లెక్క? నియామకాలు జోరుగా సాగిన ఏడాది అంకెను ఈ ఏడాది ఫ్లెక్సీ మీద వేస్తున్నారేమో చూడండి.

నాలుగు, చెబుతున్నదెవరు? భయపెట్టే పోస్టు చివర్లో కోర్సు లింకు ఉంటే ఆ భయం ఎవరికి లాభమో అర్థమైనట్టే. దానికి బదులు రెండేళ్ల కిందట అదే కోర్సు చేసిన సీనియర్లను ముగ్గురిని వెతికి ఫోన్ చేయండి. వాళ్లు ఫీడ్‌లో అరవరు, అడిగితే చెబుతారు.

ఇంతకీ ఆల్బమ్ హిట్టా ఫ్లాపా? అమెరికాలో మొదటి వారం లెక్కల్లో 1991 తర్వాత అతి పెద్ద హిట్. ఒక పాట జనంలో బాగా నిలిచింది. విమర్శకుల్లో సగం సగం. పాత అభిమానుల్లో కొందరికి వెలితి. గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ వస్తే ఈ నాలుగు ముక్కలూ విడివిడిగా చెప్పండి, ఏ అంకె ఏ ప్రశ్నకు జవాబో కూడా చెప్పండి. ఆ తర్వాత తీరిక ఉంటే ఆల్బమ్ పెట్టుకుని మీరే వినండి. మీకు నచ్చిందో లేదో చెప్పే చార్టు ఇంకా ఎవరూ వేయలేదు.