ఆడబిడ్డని ఆపొద్దు! యుద్ధం వచ్చి పిలిచేదాకా ఆగొద్దు!

ఆడికృత్తికకు కావడి ఎత్తుకొని వచ్చిన అమ్మల్లారా, నాయనల్లారా!

ఒక్క నిమిషం నిలబడి ఇది చదవండి. ఇంట్లో ప్లస్ టూ చదివే ఆడపిల్ల ఉంటే తీసుకెళ్లి ఆ బిడ్డ చేతికివ్వండి.

1942లో, రెండో ప్రపంచ యుద్ధం నడుమ, తెల్లదొరల సైన్యానికి మనుషులు చాల్లేదు. అప్పుడు గుర్తొచ్చారు ఆడవాళ్లు. మహిళా సహాయక దళమని పెట్టి టైపు కొట్టడానికీ టెలిఫోన్లు చూడడానికీ పిలిచారు. యుద్ధం ముగిసింది, దళాన్నే ఎత్తేశారు. మళ్లీ డాక్టరూ నర్సూ కాని ఆడమనిషిని సైన్యం ఆఫీసరుగా తీసుకున్నది 1992లో! ఆ తొలి బ్యాచ్ కవాతు నేర్చింది మన మద్రాసులోనే. సైన్యం బయటా ఇదే కథ. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం గారు తుపాకీ పట్టి దళాన్ని నడిపారు. పోరాటం ఆగాక ఆమె తోటి ఆడవాళ్లలో ఎందరికో దొరికిన మాట ‘ఇక ఇంటికి పోండి’ అనే.

అవసరానికి పిలిచి, తీరాక పంపేస్తారు. అందుకే పిలుపు కోసం కూర్చోవద్దంటున్నాం.

మద్రాసులో తెలుగింట పుట్టిన అయ్యలసోమయాజుల లలిత గారికి పద్దెనిమిదేళ్లకే భర్త పోయాడు. ఒళ్లో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. ఒక్క ఆడపిల్లా లేని ఆ కాలేజీలో కూతురికి సీటు అడిగి ఇప్పించాడు. 1943లో, యుద్ధం రోజుల్లోనే, ఆమె ఎలక్ట్రికల్ చదువు పూర్తిచేశారు. పట్టాలో ‘అతడు’ అని అచ్చయి ఉంటే కొట్టేసి ‘ఆమె’ అని రాయాల్సొచ్చింది. భాక్రా నంగల్ కరెంటు లైన్ల పనిలో ఆమె చెయ్యి ఉంది. మాకు ఆమె ఎంత గొప్పో, ఆ తండ్రీ అంతే గొప్ప. అట్లాంటి నాయన మీ ఇంట్లో ఉన్నాడా?

ఇక్కడికి కూతవేటు దూరంలో అరక్కోణం. అక్కడి రాజాళి స్థావరంలో 2024 జూన్ 7న అనామిక బి. రాజీవ్ నేవీ తొలి మహిళా హెలికాప్టర్ పైలట్ అయింది. 2022లో, సైనిక ఆఫీసర్లను తయారుచేసే ఎన్‌డీఏలో చేరిన తొలి అమ్మాయిల్లో 17 మంది 2025 మేలో శిక్షణ ముగించి బయటికొచ్చారు.

ఎన్‌డీఏ పరీక్ష ఏడాదికి రెండుసార్లు. వయసు పదహారున్నర, పంతొమ్మిదిన్నర మధ్య. ఆడపిల్లలకు ఫీజు లేదు. ఆర్మీకి ఏ గ్రూపైనా సరే. నేవీకీ ఎయిర్‌ఫోర్స్‌కీ ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు ఉండాలి. పెళ్లైతే అర్హత పోతుంది, సంబంధాలు చూసేవాళ్లూ వినండి!

సైన్యం వద్దా? ఐటీఐలో ఫిట్టరో, ఎలక్ట్రీషియనో చేర్చండి. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివిన అమ్మాయికి ‘పుదుమైప్పెణ్’ పథకం కింద నెలకు 1000 రూపాయలు వస్తాయి.

పదో తరగతి మార్కుల లిస్టు, ఆధార్ కార్డు పట్టుకొని కొండమెట్ల కింద మా బల్ల దగ్గరికి రండి. అప్లికేషన్ మేమే నింపిస్తాం. అమ్మాయిని కూడా తీసుకురండి.