తాగే నీళ్ళు వేరు, వాడుక నీళ్ళు వేరు

ఈసారి వ్యాకరణం కాదు, నీళ్ళ గురించి రాస్తున్నాను. కొత్త మాటలు వచ్చిన చోట అర్థం కూడా చెబుతాను.

లమ్మడాలో మేము ఉండే మేడకి ఎనిమిది అంతస్తులు, అందరికీ కలిపి ఒక బోరు. అందరం తలా కొంత డబ్బు వేసుకుని ఒక పెద్ద మెషీన్ కొనాలని ఇప్పుడు మాట నడుస్తోంది. అది బోరు నీళ్ళన్నిటినీ మెత్తబరిచి, వడకట్టి పైకి పంపుతుందట. బట్టలు ఉతికే నీళ్ళు, మెట్లు కడిగే నీళ్ళు కూడా అందులోంచే రావాలి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ మెషీన్ ఇప్పుడు కొనకూడదు. ముందు నీళ్ళు పరీక్ష చేయించాలి. తరవాత తాగే నీళ్ళకు ఒక దారి, మిగతా నీళ్ళకు ఇంకో దారి చూడాలి.

ఈ తేడా మన భాషలో ముందే ఉంది. "కొంచెం మంచినీళ్ళు ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే, ఇంట్లో చెడ్డ నీళ్ళు ఉన్నాయని కాదు. మంచినీళ్ళు అంటే తాగే నీళ్ళు. స్నానానికి, గిన్నెలకి, బట్టలకి వాడేవి వాడుక నీళ్ళు. బర్మా భాషలో కూడా ఇంతే. తాగేవి తౌయే, వాడేవి తోన్‌యే. మనకు వచ్చిన రెండు భాషలూ నీళ్ళను రెండు రకాలుగా చూస్తుంటే, అమ్మేవాళ్ళు మాత్రం అన్నిటికీ ఒకే మెషీన్ చూపిస్తున్నారు.

బావి అనే మాట మీకు పుస్తకాల్లో కనిపిస్తుంది. మా ఇంట్లో మాత్రం నుయ్యి అంటారు. ఉత్తరాంధ్ర, గోదావరి వైపు మాట అది. ఒకటి అయితే నుయ్యి, చాలా అయితే నూతులు, అందులోవి నూతి నీళ్ళు. రంగూన్ వచ్చిన మన వాళ్ళలో చాలామంది ఆ తీరం వాళ్ళే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదే ఇక్కడ వాళ్ళను కోరంగీలు అనేవారు. ఇప్పుడు చేద, గిలక లేవు, గొట్టం దించిన బోరు ఉంది. బర్మా వాళ్ళు దాన్ని అవీచి నుయ్యి అంటారు. అవీచి అంటే బౌద్ధుల నరకాలలో అన్నిటికన్నా కిందిది. మన పురాణాల్లో కూడా ఆ పేరుతో ఒక నరకం ఉంది. పేరు బాగుంది, కానీ లోతుగా ఉన్నంత మాత్రాన నీళ్ళు మంచివని అర్థం కాదు.

అసలు చిక్కు ఒక మాటలో ఉంది. బోరు నీళ్ళు బాగా లేకపోతే మనం "ఉప్పు నీళ్ళు" అనేస్తాం. ఆ ఒక్క మాట కింద కనీసం మూడు వేరు వేరు సంగతులు ఉంటాయి.

మొదటిది కఠినత్వం. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్నాయని దాని అర్థం. పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. సబ్బు నురగ రాదు. కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతుంది.

రెండోది ఇనుము. పట్టినప్పుడు నీళ్ళు తేటగా ఉంటాయి. గాలి తగిలి, ఒక రాత్రి గడిచేసరికి ఎర్రటి మడ్డి దిగుతుంది. మడ్డి అంటే అడుగున చేరే మురికి. ఆ నీళ్ళతో చిక్కటి టీ పెడితే నల్లగా అవుతుంది.

మూడోది నిజమైన ఉప్పు. రంగూన్ నదికి ఆటుపోట్లు ఉన్నాయి, ఎండాకాలంలో సముద్రపు ఉప్పు పైకి వస్తుంది. నది పక్కన ఉన్న లమ్మడా లాంటి చోట బోరు నీళ్ళ రుచి వానాకాలంలో ఒకలా, ఏప్రిల్‌లో ఒకలా ఉండవచ్చు.

వీటికి తోడు, కంటికీ నాలుకకూ తెలియనివి ఉన్నాయి. అవి క్రిములు, ఆర్సెనిక్, ఫ్లోరైడ్. ఐరావతి డెల్టాలో కొన్ని చోట్ల భూగర్భ జలంలో ఆర్సెనిక్ ఉందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్సెనిక్‌కి పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము, ఫ్లోరైడ్‌కి 1.5 మిల్లీగ్రాములు. ఎర్రటి నీళ్ళు చూసి మనం భయపడతాం. నిజానికి ఇనుము ఎక్కువగా పాడుచేసేది బట్టల్నీ రుచినీ. అసలు భయపడవలసింది తేటగా కనిపించే వాటికే.

ఇప్పుడు ఆ పెద్ద మెషీన్ సంగతి. దాన్ని సాఫ్టెనర్ అంటారు. అందులో రెజిన్ అనే చిన్న పూసలు ఉంటాయి. అవి కాల్షియం, మెగ్నీషియం తీసుకుని, బదులుగా సోడియం ఇస్తాయి. పూసలు నిండిపోయాక ఉప్పు నీళ్ళతో కడిగితే మళ్ళీ పనిచేస్తాయి. కఠినత్వానికి అది మంచి మందే. కానీ అది ఉప్పును తీయదు, క్రిముల్ని చంపదు, ఆర్సెనిక్‌ని ఆపదు. ఇనుము ఎక్కువగా ఉంటే పూసలే పాడైపోతాయి. పైగా కఠినత్వం 100 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ లీటరు నీటిలో సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. మా మేడలో బీపీ మందులు వేసుకునే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఈ నీళ్ళు తాగాలా వద్దా అని ఎవరూ అడగలేదు.

ఇనుముకు ఇంకా చవకైన దారి ఉంది. నీళ్ళు జల్లులా పడేలా చేసి గాలి తగలనిచ్చి, తరవాత ఇసుక ఫిల్టరు గుండా పంపాలి. ఉప్పు ఎక్కువైతే ఆర్‌ఓ కావాలి. కానీ దానికి కరెంటు కావాలి, కరెంటు సంగతి మీకు తెలుసు. అది కొంత నీటిని బయటికి పారబోస్తుంది కూడా. అందుకే ఆర్‌ఓ ఒక్క వంటింటి కుళాయికి చాలు. ఆర్సెనిక్ ఉందని తేలితే, ఫిల్టరు పెట్టాక ఆ నీళ్ళను మళ్ళీ పరీక్షించాలి. క్రిములకు మరిగించడం చాలు. అయితే మరిగిస్తే ఉప్పు, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ పోవు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. పటిక, చిల్లగింజ కూడా ఇలాంటివే. మన ముసలివాళ్ళు బిందె లోపల చిల్లగింజ అరగదీసేవారు. దానితో మట్టి దిగి నీళ్ళు తేటపడతాయి, కరిగిపోయిన ఉప్పు మాత్రం అలాగే ఉంటుంది.

అమ్మేవాళ్ళు రెండు ఆటలు ఆడతారు, చూసి ఉండండి. ఒకటి టీడీఎస్ పెన్ను. అది నీటిలో కరిగినవన్నీ కలిపి ఎంత ఉన్నాయో అంచనా వేస్తుంది. అందులో విషం ఉందో, మామూలు సున్నం ఉందో చెప్పదు. రెండోది కరెంటు పెట్టిన రెండు కడ్డీల ఆట. మన నీళ్ళలో కడ్డీలు ముంచితే గోధుమరంగు మడ్డి వస్తుంది, వాళ్ళ ఆర్‌ఓ నీళ్ళలో రాదు. ఆ మడ్డి ఎక్కువగా ఇనప కడ్డీ నుంచే వస్తుంది. ఆర్‌ఓ నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, అంతే.

నల్గొండ కథ కూడా ఇదే చెబుతుంది. అక్కడి బోరు నీళ్ళు చూడడానికి బాగానే ఉండేవి, కానీ ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు వంగిపోయాయి. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో సున్నం, పటిక కొలతగా కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసింది. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు వచ్చింది. నీటిలో ఏముందో తెలిశాకే మందు దొరికింది.

పెద్ద మెషీన్ కావాలనే వాళ్ళ మాటలో కూడా న్యాయం ఉంది. గీజర్లు పాడవుతున్నాయి, జుట్టు బిరుసెక్కుతోంది, కలిసి కొంటే ఇంటికి ఖర్చు తగ్గుతుంది. పరీక్షలో కఠినత్వం బాగా ఎక్కువగా వస్తే, వాడుక నీళ్ళకు సాఫ్టెనర్ పెట్టడానికి నేనూ డబ్బు ఇస్తాను. భారతీయ ప్రమాణం ప్రకారం 200 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మా నీళ్ళు 150 ఉన్నాయో 500 ఉన్నాయో తెలియకుండా డబ్బు పెట్టడమే నాకు నచ్చలేదు. అంతకన్నా ముఖ్యం, ఎనిమిదో అంతస్తులో ఉండే ముసలివాళ్ళు 20 లీటర్ల క్యాను మెట్లమీద మోయించుకుంటున్నారు. సాఫ్టెనర్ వచ్చినా ఆ క్యాను ఆగదు. వాళ్ళ వంటింట్లో సరైన ఫిల్టరు పెడితే ఆగుతుంది.

కాబట్టి నేను అడిగేది ఇది. ఎండాకాలం చివర ఒకసారి, వానల్లో ఒకసారి పరీక్ష చేయిద్దాం. కఠినత్వం, ఇనుము, క్లోరైడ్, ఆర్సెనిక్, ఫ్లోరైడ్, క్రిములు, ఈ ఆరూ చూడమని అడుగుదాం. ఆ కాగితం చేతిలో పెట్టుకుని అమ్మేవాళ్ళను పిలుద్దాం. దాహం వేసినప్పుడు నుయ్యి తవ్వకూడదని సామెత. ఏ నీళ్ళో తెలియకుండా మెషీన్ కొనడం కూడా అలాంటి పనే.

మీ ఇంట్లో పప్పు ఉడకని నీళ్ళను ఏమంటారు? చవిటి నీళ్ళా, చప్ప నీళ్ళా, ఇంకేదైనా మాట ఉందా? పెద్దవాళ్ళను అడిగి నాకు రాయండి.