నోరా కట్టుకున్న మట్టి ఇల్లు

మనవాళ్లు హిమాచల్ వెళ్తే సిమ్లా, మనాలీ, ధర్మశాల గబగబా చుట్టేసి వచ్చేస్తారు. పాలంపూర్ దగ్గరున్న అంద్రేటా ఆ జాబితాలో ఉండదు. ఎదురుగా ధౌలాధార్ కొండలు, కింద వరిమళ్లు. పంజాబీ నాటకానికి తల్లిగా పేరొందిన నోరా రిచర్డ్స్ తుదిదాకా బతికిన పల్లె అది.

ఐర్లండ్‌లో పుట్టిన ఈ నటి 1911లో భర్తతో లాహోర్ వచ్చారు. ఆయన దయాళ్ సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంటే, ఈమె విద్యార్థుల్ని కూర్చోబెట్టి సొంత భాషలో, చూసిన బతుకుల మీద నాటకాలు రాయమని వెంటపడ్డారు. శిష్యుడు ఐ.సి. నందా రాసిన ‘దుల్హన్’ నాటకం అలా పుట్టిందే. 1920లో భర్త పోయాక స్వదేశం వెళ్లినా, మళ్లీ వచ్చి అంద్రేటాలో స్థిరపడ్డారు. తెల్లదొరల బంగళా కట్టుకోలేదు. ఇరుగుపొరుగు రైతుల్లాగే మట్టిగోడలు లేపి, స్లేటు పలకలు కప్పించుకున్నారు. ఆరుబయటే నాటకాలు వేయించారు, ఊరి జనమే ప్రేక్షకులు. 1971లో కన్నుమూశారు. దేశ విభజన తర్వాత చిత్రకారుడు శోభా సింగ్ కూడా ఈ ఊరికే వచ్చి ఇల్లు కట్టుకున్నారు. కుండల కళాకారుడు గురుచరణ్ సింగ్ కుటుంబం పని ఇక్కడ ఇప్పటికీ సాగుతోంది.

నోరా ఇంటిలాంటి మట్టి కుటీరాల్లో ఇప్పుడు ఇక్కడ బస దొరుకుతుంది. మందపాటి గోడ పగటి ఎండను లోపలికి రానివ్వదు, రాత్రి వెచ్చదనాన్ని బయటికి పోనివ్వదు. వాన ఎక్కువ పడే చోటు కాబట్టి చూరు బాగా ముందుకు దించుతారు. గోడలు తరచూ అలకాలి. ఆ పని ఊరివాళ్లకు కూలి ఇస్తుంది. మనమిచ్చే అద్దెలో కొంత ఆ చేతులకే చేరుతుంది, నాకు నచ్చింది అదే.

మట్టి ఇల్లు క్షేమమేనా అన్న ప్రశ్న న్యాయమైనదే. 1905 ఏప్రిల్ 4 నాటి కాంగ్రా భూకంపంలో దాదాపు 20 వేలమంది చనిపోయారు. అందుకు జవాబు కొండవాలు మీద నాలుగంతస్తుల కాంక్రీటు హోటల్ మాత్రం కాదు. గోడల్లో కలపదూలాలు పేర్చి కట్టే పద్ధతి హిమాచల్‌లో తరతరాలుగా ఉంది. కట్టడం ఎత్తు పెంచకుండా, ఆ పనితనం తెలిసినవాళ్ల చేత కట్టించాలి.

వెళ్తే ఒక్క పూటతో సరిపెట్టకండి. శోభా సింగ్ చిత్రాలు చూడండి, కుమ్మరి చక్రం దగ్గర కూర్చోండి. గదిలో ఏసీ లేదేమని మాత్రం యజమానిని అడగకండి. పదిమంది అలా అడిగితే రేపు అక్కడా సిమెంటు గోడలే లేస్తాయి.