చెరువు కట్ట ఎవరిది? పార్కు గేటు ఎవరిది?

చెరువు కట్ట మీద నడవడమంటే మనకు ఎన్నడూ షికారు కాదు. మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకొని నడవాల్సి వచ్చింది. కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లు పాడు చేయొద్దని అడిగిన పాపానికి 1985 జులై 17న ఆరుగురిని చంపారు. అందుకే పట్నంలో హుస్సేన్‌సాగర్ చుట్టూ పార్కులూ నడకదారులూ ఉన్నాయంటే, అవి పెద్దోళ్లు పొట్టలు తగ్గించుకునే జాగాలని పక్కకు నెట్టేయొద్దంటున్నాం.

ఏప్రిల్ 14న మనోళ్లు ఊళ్ల నుంచి బండ్లు కట్టుకొని ట్యాంక్‌బండ్ అంబేద్కర్ విగ్రహం దాకా వస్తరు. దండేస్తరు, నినాదమిస్తరు, పొట్లం తిని మళ్లీ బండెక్కుతరు. ఈసారి అట్ల పోవద్దు. పిల్లల్ని తీసుకొని సాగర్ చుట్టూ నడవండి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.

ముందు బాబాసాహెబ్ పేరు పెట్టిన సచివాలయం. దాని ఎదుట లుంబినీ పార్కు. బుద్ధుడు పుట్టిన ఊరి పేరు పెట్టారు గానీ లోపలికి పోవాలంటే టికెట్టు కొనాలె. రాజ్యం వదిలి భిక్షాపాత్ర పట్టినాయన పేరు మీద టికెట్టు! నీళ్ల నడుమ నిలబడ్డ బుద్ధుణ్ణి చూడండి. రాయిగిరి రాయిని చెక్కి తెచ్చి పడవ మీద తీసుకుపోతుంటే 1990 మార్చి 10న అది మునిగింది. పనివాళ్ల ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు పైగా నీళ్లలో పడివున్న విగ్రహాన్ని 1992 డిసెంబరులో పైకి తీశారు. ఆ పనివాళ్ల సంగతి పిల్లలకు మనమే చెప్పాలె.

ఎన్టీఆర్ గార్డెన్ దగ్గర 125 అడుగుల బాబాసాహెబ్. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. గర్వమే, కాదనం. కానీ ఆ గేటు జయంతికీ వర్ధంతికీ తెరిస్తే చాలదు. రోజూ తెరిచి ఉండాలె. దూరం నుంచి దండం పెట్టుకొని పొమ్మంటే గుడి బయట నిలబెట్టినదానికీ దీనికీ తేడా ఏముంది?

నెక్లెస్ రోడ్డు పట్టుకొని పోతే సంజీవయ్య పార్కు. 2016లో అక్కడ 291 అడుగుల జెండా స్తంభం నిలబెట్టారు. దాని ఎత్తు అడిగితే పిల్లలు టక్కున చెప్తరు. సంజీవయ్య ఎవరని అడగండి! కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టి, 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. ఈ దేశంలో దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. పార్కులో ఆయన కథ పెద్ద అక్షరాల్లో, తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించాలె.

రాణిగంజ్ మీదుగా తిరిగి ట్యాంక్‌బండ్ ఎక్కితే విగ్రహాల వరుస. అందులో జాషువా ఉన్నారు. గుడిలోకి తనను రానివ్వరు గానీ గబ్బిలాన్ని ఎవరూ ఆపరు కదా అని దాని చేత కబురు పంపిన కవి. ఈ గేట్లు, టికెట్లు దాటి వచ్చినంక ఆయన ముందు కాసేపు కూర్చోండి. ఆ ఫుట్‌పాత్‌ను తెల్లారకముందే ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది మన అక్కచెల్లెళ్లే. వాళ్లు కూర్చొని సద్ది తినడానికి నీడ, మరుగుదొడ్డి ఉండాలని ఏ పార్కు ప్లానులోనన్నా రాశారా?

కింద ఇందిరా పార్కు. ఊళ్ల నుంచి వచ్చి టెంటు వేసేవాళ్లకు ఈ దారి ఎరుకే. వాకింగుకు వచ్చేవాళ్లకూ కాలనీలకూ ఇబ్బంది అని 2017లో ధర్నా చౌక్ ఎత్తేశారు. 2018లో హైకోర్టు చెప్పాకే మళ్లీ గొంతు విప్పనిచ్చారు. నడిచే కాళ్లకున్న హక్కు అరిచే గొంతుకు లేదా?

ఇప్పుడు మూసీ. 55 కిలోమీటర్ల పొడుగునా నదిని బాగుచేసి ఒడ్డును అందంగా చేస్తామని చెప్పారు. 2024 సెప్టెంబరులో మూసానగర్, శంకర్‌నగర్ లాంటి బస్తీల్లో ఇండ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులేశారు. మురికి పోవాలె, మేమూ కోరేది అదే. ఆ వాసన ముందు పీల్చింది ఆ బస్తీలే. కానీ పనికి, బడికి అందేంత దగ్గర్లో ఇల్లిచ్చి, తాళం చేతికిచ్చినంకే గోడ ముట్టాలె. కొత్త నడకదారికి టికెట్టు ఉండొద్దు. బస్తీ వైపు కూడా గేటు పెట్టాలె. సంఘాలు ఈ మాటలు తీర్మానం చేసి పంపండి, వచ్చే సంచికల్లో వేస్తాం.