“సిద్ధాంతమే కదా!”

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలయందు చదువుకొన్నవారి నోటనే యొక మాట తరచుగా వినవచ్చుచున్నది. కృష్ణబిలములు కలవనియు, సూర్యుని చెంత కాంతి వంగుననియు శాస్త్రజ్ఞులు చెప్పినపుడు, “అది సిద్ధాంతమే కదా! నియమమైన నమ్మవచ్చును” అని పెదవి విరుచుట పరిపాటియైనది. ఇది వినుటకు వివేకమువలె నుండును గాని వివేకము కాదు. పైగా తెలుగువా డనదగిన మాటయే కాదు. మన తర్కశాస్త్రమున ముందు పూర్వపక్షము, పిమ్మట దాని ఖండనము; ఆ పరీక్షకు నిలిచినదే సిద్ధాంతము. ఆంగ్లమున లోకులు వట్టి యూహకు సైతము వాడుకొను నొక పదమును మనము సిద్ధాంతమని తెనిగించుకొంటిమి. దానికి అక్కడి బజారులో పట్టిన చులకనను గూడ దిగుమతి చేసికొంటిమి.

నియమమును సిద్ధాంతమును ఒకే నిచ్చెనకు మెట్లు కావు. ఏమి జరుగును, ఎంత జరుగును అని నియమము చెప్పును. ఎందుకు జరుగునో సిద్ధాంతము చెప్పును. పంచాంగకర్త గ్రహణము పట్టువేళను, విడుచువేళను గణించి చెప్పుచున్నాడు. అది నియమ మెరిగిన పని. కారణము రాహువా, నీడయా అనునది వేరు ప్రశ్న. నీడయే యని ఆర్యభటుడు 499 నాటికే వ్రాసియున్నాడు. గణితము తప్పలేదు గనుక రాహువును నిజమే యనుట చెల్లదు.

ఈ భేద మెరుగనందున మనము పోగొట్టుకొన్నది స్వల్పము కాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన నల్లగొండ సీమ మీదుగా సాగిపోయెను. హైదరాబాదునకు చేరువనున్న జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు యంత్రములు సిద్ధపరచుకొని నిలిచిరి. దేశమందలి పెక్కు పట్టణములలో మాత్రము వీధులు నిర్మానుష్యములై, తలుపులు మూతపడెను. కన్నులను కాపాడుకొనుట అవసరమే. కాని ముంగిటికి వచ్చిన యట్టి దృశ్యమునకు తగు రక్షణతో నైనను తలయెత్తకుండుట యేమి న్యాయము?

గ్రహణముతోనే ఈ వివాదమును తేల్చవచ్చును. న్యూటను 1687లో ప్రకటించిన గురుత్వాకర్షణమునకు నియమమని పేరు. బుధగ్రహపు కక్ష్యలో శతాబ్దమునకు 43 వికలల తేడా దానికి లొంగలేదు. 1915లో ఐన్‌స్టీను చెప్పిన సాపేక్షతా సిద్ధాంతము ఆ తేడాను సరిగా లెక్కకట్టెను. 1919 మే 29 నాటి గ్రహణవేళ ఎడింగ్టను మొదలగువారు సూర్యుని చెంత తారల కాంతి యెంత వంగునో కొలిచిరి. అది న్యూటను లెక్కకు రెట్టింపై, ఐన్‌స్టీను లెక్కకు దగ్గరగా వచ్చెను. నియమమను పేరుగలది తగ్గి, సిద్ధాంతమను పేరుగలది నిలిచెను! అంతమాత్రమున న్యూటనును పారవేయలేదు. సాగరు ఎడమకాలువ నీరు మిర్యాలగూడ వరిచేలకు పారుటకు న్యూటను చాలును. అదే మీ చేతిలోని ఫోను దారిచూపుటకు చాలడు. ఆకాశమునందలి ఉపగ్రహ గడియారములు నేలమీది వానికంటె దినమునకు సుమారు 38 మైక్రోసెకండ్లు వడిగా నడచును. ఆ కాలములో వెలుగు పదకొండు కిలోమీటర్లు పోవును. నాలుగు దినముల తేడా చేరినచో ఇంచుమించు సూర్యాపేటకును కోదాడకును గల దూరమంత. ఐన్‌స్టీను లెక్కప్రకారము ఈ తేడాను ముందుగనే సరిదిద్దుచున్నారు.

ఇక కృష్ణబిలముల కథ మరింత రుచిగలది. 1930లో ఆంగ్లదేశమునకు ఓడలో పోవుచు పంతొమ్మిదేండ్ల చంద్రశేఖరుడు ఒక లెక్కవేసెను. మండి చల్లారిన తార బరువు సూర్యునికంటె సుమారు 1.4 రెట్లు మించినచో శ్వేతకుబ్జముగా నిలువజాలదని తేలెను. 1935లో లండనులో దానిని నిండుసభలో ఎగతాళిచేసినది ఎవరు? 1919లో ఐన్‌స్టీను మాటకు సాక్ష్యము తెచ్చిన ఆ ఎడింగ్టనే! అంతేకాదు, 1939లో ఐన్‌స్టీనే యిట్టి బిలములు ప్రకృతిలో నేర్పడజాలవని వ్రాసెను. తండ్రి కాదన్నను బిడ్డ నిలిచినది. 2015 సెప్టెంబరులో రెండు కృష్ణబిలములు కలిసినప్పటి తరంగములు అమెరికాలోని యంత్రములకు చిక్కెను. 2019 ఏప్రిలు 10న 650 కోట్ల సూర్యుల బరువుగల బిలపు నీడచిత్రమును లోకము చూచెను. ఇచట ఆప్తవాక్యము ప్రమాణము కాలేదు, ప్రత్యక్షమే ప్రమాణమైనది.

2023లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పదవ తరగతి శాస్త్రపుస్తకమునుండి జీవపరిణామ భాగమును తొలగించినది. “సిద్ధాంతమే కదా” అను మాట చెలామణిలో నున్నంతకాలము ఇట్టి తొలగింపుల నడ్డువా రుండరు. మన ఉపాధ్యాయులు బల్లమీద సూత్రమును వ్రాసి ఊరకుండక, అది ఏ పరీక్షకు నిలిచెనో, ఎచ్చట తప్పెనో గూడ బాలురకును బాలికలకును చెప్పవలెను. ఆ సంవత్సరమే, ఒకప్పుడు మనతో కలిసి హైదరాబాదు రాజ్యమున నుండిన హింగోలి ప్రాంతమున గురుత్వతరంగములను పట్టు యంత్రశాల కట్టుటకు కేంద్రమంత్రివర్గ మనుమతించినది. కృష్ణబిలపు నడిబొడ్డున మాత్రము ఐన్‌స్టీను లెక్కయు చెడును. అచ్చట నిలుచు సిద్ధాంత మేదో ఇంకను ఎవరును తేల్చలేదు.