రేవులో దిగినా వంటింటి బరువేనా?
సింగపూర్‌లో విహార నౌక ఎక్కిన కుటుంబానికి దారిలో పెనాంగ్ రేవు తగిలితే, ఊరు చూడ్డానికి దొరికేది కొన్ని గంటలే. అప్పుడు కూడా 'అమ్మా, ఆకలి' అనగానే సంచీ వెతకాల్సింది ఆవిడేనా? ఓడలో టిఫిను ఎలాగూ టికెట్టులోనే ఉంటుంది. అందరూ కడుపునిండా తినే దిగొచ్చు. రేవు నుంచి జార్జిటౌన్‌లోని లిటిల్ ఇండియాకి నడిచే వెళ్లొచ్చు. అక్కడ అరిటాకు భోజనమూ దొరుకుతుంది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ పాత వీధుల్లో ఒకటి రెండు తీరిగ్గా చూస్తే చాలు. నీళ్లసీసాలు పిల్లలు మోయాలి. తిరిగి ఓడెక్కాల్సిన వేళ ఆయన గుర్తుంచుకోవాలి. ఆలస్యమైతే ఓడ ఆగదు మరి! సెలవు ఇంటిల్లిపాదిదీ అన్నప్పుడు ఇల్లాలికీ అందులో వాటా ఉండొద్దూ?