రొయ్యల రైతుకు వేలంలో పలికే ధర

కొల్లేరు చుట్టుపక్కల రొయ్యల రైతు పొద్దున్నే ఆరా తీసేది కౌంటు ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి పలికే ధర. 100 కౌంటు ఎంత, 30 కౌంటు ఎంత అని రోజూ తెలుగులో చెప్పే వెబ్‌సైట్‌ను ఏలూరు పక్కనున్న వట్లూరులో కూర్చుని నడపొచ్చు. అక్కడి సర్ సి.ఆర్.రెడ్డి ఇంజినీరింగ్ కాలేజీలో చదివే కుర్రాళ్లకు అదేమంత కష్టం కాదు. చూసేవాళ్లకూ కొదవుండదు. డబ్బు ఏ దారిన వస్తుందన్నదే తేలాలి.

అందరూ ముందు వెళ్లేది గూగుల్ యాడ్‌సెన్స్ దగ్గరికి. 2003లో మొదలైన ఈ ఏర్పాటు తెలుగు పేజీలను చేర్చుకున్నది 2018లో. పేజీ తెరుచుకునేలోపే ఆ పాఠకుడి కోసం ప్రకటనదారుల మధ్య వేలంపాట జరిగిపోతుంది. ప్రకటనదారు పెట్టిన 100 రూపాయల్లో సుమారు 68 సైటుకు చేరతాయని కంపెనీ లెక్క. క్లిక్కుకు ఇంతని కాకుండా, ప్రకటన కనబడినందుకే చెల్లిస్తామని 2023లో ప్రకటించింది. 100 డాలర్లు పోగయ్యేదాకా చేతికి రావు. స్నేహితులతో క్లిక్కులు కొట్టిస్తే ఖాతాకే ఎసరు.

వాటాలో నాకు అన్యాయం కనబడదు. చిక్కల్లా పాట పాడేవాళ్లతోనే. అప్పులిచ్చే యాప్‌లకూ షాపింగ్ కంపెనీలకూ ఆ రైతు ఎక్కడో ఉన్న ఒక తెలుగు పాఠకుడు, అంతే. ఒక్క పంటకు మేత మీదే లక్షలు పోసే మనిషని వాళ్లకు పట్టదు. పట్టాల్సిన కైకలూరు మేత డీలరు, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు అమ్మే ఆకివీడు వ్యాపారి ఆ వేలం గడప తొక్కరు.

కమీషన్ లింకులతోనూ ఇక్కడ పెద్దగా ఒరగదు. అమెజాన్ లింకు నొక్కి ఎవరైనా వస్తువు కొంటే సైటుకు కొంత ముడుతుంది, నిజమే. కానీ మేత బస్తాలు చాలామంది తెచ్చుకునేది డీలరు దగ్గర అరువుకు, పట్టుబడి అయ్యాక తీర్చే మాట మీద. ఆ లావాదేవీ ఏ లింకుకూ చిక్కదు. ఇక తెర నిండా ఎగిరిపడే పాపప్‌ల సంగతి ఎత్తకపోవడమే మేలు.

మిగిలింది నేరుగా తెచ్చుకునే స్థానిక ప్రకటన. ఇది తెలుగు పత్రికలకు ఏనాడో తెలిసిన కిటుకు. 1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టాక, రాష్ట్రమంతటికీ రేటు కట్టలేని చీరల కొట్టు, నర్సింగ్‌హోమ్ తమ జిల్లా వరకే డబ్బు పెట్టి పేపర్లోకి ఎక్కగలిగాయి. కౌంటు ధరల పక్కన నెలకింతని చోటు అమ్మే సైటు చేసేదీ అదే. దీనికి కాళ్లరగాలి: తాడేపల్లిగూడెం దాకా తిరగాలి, రేటు ఒప్పించాలి, బాకీ వసూలు చేయాలి. కోడ్ రాసే కుర్రాడికి ఈ చివరి పని సుతరామూ నచ్చదు. అందుకే చాలామంది యాడ్‌సెన్స్ దగ్గరే ఆగిపోతారనుకుంటాను.

అయితే స్థానిక ప్రకటనతో ఇంకో తంటా ఉంది. ఫలానా హేచరీ సీడ్ (రొయ్యపిల్లలు) వేసిన చెరువుల్లో వైట్ స్పాట్ వ్యాధి కనబడిందనుకోండి. ఆ హేచరీయే సైటుకు పెద్ద ప్రకటనదారైతే వార్త వస్తుందా? డబ్బు తీసుకుని రాసిన పొగడ్త మీద ‘ప్రకటన’ అని వేస్తారా? గూగుల్ వేలం తక్కువే రాల్చినా, హేచరీ యజమానిలా ఫోన్ చేసి వార్త ఆపమనదు. కాబట్టి ధరల పేజీని డీలర్లకు అమ్ముకుని, వ్యాధుల వార్తల పేజీని మాత్రం ఆ చిల్లర డబ్బులకే వదిలేయడం మంచిదంటాను.